పసుపు పెట్టిన జాబితా

కణేకల్ దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే మిట్ట మీద వరసగా గాలిమరలు కనిపిస్తాయి. వాటిలో పదకొండింటి బాగోగులు నా బాధ్యత. ఏడాదికొకసారి మా సైటుకు రక్తపరీక్షల వ్యాను వస్తుంది. ఈసారి రిపోర్టులు వచ్చిన రోజు కంట్రోలు గదిలో అందరూ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. నా కాగితంలో ఒక్క అంకె కూడా హద్దు దాటలేదు. హిమోగ్లోబిన్, కొవ్వు, చక్కెర, బి12 అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం, తేనె పన్నెండేళ్ళుగా ముట్టనివాడి కాగితం అలా ఉండడం మావాళ్ళకు వింత. "ఏమన్నా, మేము వారం వారం కోడిని కోస్తే మాకు కొవ్వు. నువ్వు ఆకులు తిని మాకంటే గట్టిగుండావే!" అన్నాడు మల్లికార్జున. నాకంటే చిన్నవాడు, ముదిగుబ్బ దగ్గర గొర్రెలున్న ఇంటివాడు. నవ్వులయ్యాక గొంతు తగ్గించి అడిగాడు. "మా యమ్మకు షుగరుండాదన్నా. ఏం తినల్ల, ఏం తినగూడదో ఒగ లిస్టు రాసియ్యి. గోడకంటిస్తా."

జాబితా రాయమంటే నేను ఎప్పుడూ కాదన్నవాణ్ణి కాను. టవరు ఎక్కే ముందు పనిముట్లకు ఒకటి, దిగాక బోల్టులకు ఒకటి, నెలవారీ సరుకులకు ఒకటి రాస్తాను. బస్సులో కూర్చుంటే కిటికీలోంచి కనిపించే ఎండిన బోర్లను కూడా లెక్కపెడతాను. కానీ మల్లికార్జునతో రాయనని చెప్పాను. "డాక్టరు దగ్గరికి తీసుకుపో. కావాలంటే నేనూ వస్తా. లిస్టు మాత్రం రాయను." వాడు నొచ్చుకున్నాడు. తరువాత నాలుగు రోజులు పని మాటలు తప్ప మాట్లాడలేదు. కారణం చెప్పాలంటే చాలా చెప్పాలి. గాలిమర కింద నిలబడి చెప్పేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ధర్మవరంలో మా వీధిలో అప్పట్లో మగ్గం లేని ఇల్లు లేదు. పొద్దున కళ్ళు తెరిచేసరికి వీధి పొడుగునా టకటకమనే చప్పుడు మొదలై ఉండేది. మా ముందుగదిలో గుంట మగ్గం. నాయన నడుము దాకా గుంటలో దిగి, పైన సగం మనిషిగా కనిపించేవాడు. చిన్నప్పుడు నాయనకు కాళ్ళు ఉండేది సాయంత్రం పూట మాత్రమేనని నమ్మేవాణ్ణి. వెనక వంటగది. రెండింటి మధ్య చావడిలో గోడకానుకుని రాట్నం. ఆ రాట్నం ముందు మా అత్త. రంగు వేసి ఆరబెట్టిన పట్టుకు ఒక పచ్చి నీసు వాసన ఉంటుంది. చీర కొని కట్టుకునేవాళ్ళకు అది తెలియదు, అప్పటికి పోయి ఉంటుంది. మా ఇంట్లో అన్నానికీ, పరుపులకూ, నా పుస్తకాలకూ అదే వాసన. ఇప్పుడు నేనుండే క్వార్టరుకు ఏ వాసనా లేదు. గాలి ఒకటే ఉంది, అది ఏ వాసననూ నిలవనివ్వదు.

అత్త పేరు ఓబుళమ్మ. నాయనకు అక్క. మామ పోయిన తరువాత పుట్టింటికి వచ్చేసింది, పిల్లలు లేరు. మామ పోయిన రోజు నుంచి మాంసం, గుడ్డు మానేసింది. ఆమె చేసే అసలు పని రాట్నం కాదు, పోగులు అతకడం. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునూ పాత పోగు కొసకు చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పురి తిప్పాలి. ముడి వేయకూడదు. ముడి అయితే మగ్గంలో సన్నని సందుల్లోంచి దూరదు. అలా నాలుగు వేల పైచిలుకు పోగులు. అత్త కళ్ళు మూసుకుని చేసేది. కళ్ళు తెరిస్తే వేళ్ళకు బద్ధకం వస్తుందనేది. పోగు చీలినా, ఒక పోగుకు బదులు రెండు కలిసి వచ్చినా ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయేది. తమలపాకులు తీసుకుని వీధి వీధి నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. "ఓబుళమ్మక్కా, సోమారం మా ఇంట్లో పోగులతకల్ల" అని వాకిట్లో నిలబడి పిలిచేవాళ్ళు. ఆ పిలుపు వచ్చినప్పుడు మా అత్త వెంటనే లేచేది కాదు. రాట్నం రెండు చుట్లు తిప్పి, అప్పుడు లేచేది. ఆమెకున్న గర్వమంతా ఆ రెండు చుట్లే.

మధ్యాహ్నం మగ్గం ఆగగానే వీధిలోకి ఒక నిశ్శబ్దం వచ్చేది. అందరం చావడిలో వరసగా కూర్చునేవాళ్ళం. నాయన, నేను, అత్త, వడ్డించి చివర అమ్మ. రాగి సంగటి, పుండికూర, బుడ్డల చట్నీ. ఈ వైపు గోంగూరను పుండికూరని, వేరుశనగకాయలను బుడ్డలని అంటాం. చివర్లో అమ్మ గిన్నె ఎత్తి ఒక్కొక్కరికీ పెరుగు వేసేది. ఎవరికి ఎంతో ఆమె చేతికి తెలుసు. నాయన పెరుగు కలిపిన సంగటి ముద్దను గొంతులోకి జార్చుకుని "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"తో భోజనం ముగిసినట్టు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆ వరసలోంచి నేను లేచి వెళ్ళిపోయాను. ఎవరూ పొమ్మనలేదు.

అది పాల ఈరమ్మ దొడ్డిలో మొదలైంది. ఆ ఎండాకాలం గడ్డి లేదు. చెరువులో నీళ్ళు లేవు. ఈరమ్మ ఎనుముకు, అదే గేదెకు, పుట్టిన దూడ బతకలేదు. దూడ లేకపోతే ఎనుము పాలు చేపదు. నేను గిన్నె పట్టుకుని పోయేసరికి ఎనుము ముందర దూడ నిలబడి ఉంది. ఎనుము దాన్ని నాకుతోంది. దగ్గరికి పోతే తెలిసింది, అది దూడ చర్మం. లోపల ఎండుగడ్డి కూరి, నాలుగు కట్టెల మీద నిలబెట్టారు. కుట్టు దగ్గర గడ్డిపోచలు బయటికి వచ్చి ఉన్నాయి. ఎనుము ఆ కుట్టునే నాకుతోంది.

"ఈరమ్మా, అది దూడ కాదు కదా" అన్నాను.

"దానికి తెలీదు లేప్పా. తెలిస్తే పాలిడస్తాదా?"

"తెలియకపోతే కుట్టు దగ్గరే ఎందుకు నాకుతుంది?"

"నేనేమన్నా దాని తలకాయలో దూరి సూసొస్తినా? నా పిల్లోళ్ళు బతకల్లంటే అది పాలియ్యల్ల. గిన్నె పట్టు, ఎండెక్కుతాంది."

ఈరమ్మ తప్పు చేసిందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆమె ఇంట్లో ముగ్గురు పిల్లలు. కానీ ఆ రోజు కాఫీ నా గొంతు దిగలేదు. మరునాడు కూడా దిగలేదు. మూడో రోజు నుంచి నేను ప్రయత్నించడం మానేశాను.

అప్పుడు నేను అనంతపురంలో డిప్లొమా చదువుతున్నాను. రోజూ రైలులో పోయి వచ్చేవాణ్ణి. రైలులో ఫోను చూడడమే పని. అందులో వీగన్ తిండి గురించి మాట్లాడేవాళ్ళు దొరికారు. కొందరు జంతువుల కోసం మానమన్నారు. కొందరు ఒంటి కోసం మానమన్నారు. ఒక పెద్దమనిషి పాలు మానితే షుగరు, మోకాళ్ళ నొప్పులు, ఉబ్బసం మూడూ పోతాయన్నాడు. ఒక డాక్టరు ఇదంతా ఒట్టి మాటన్నాడు, ఆయన వీడియో మధ్యలో ఆపేశాను. నా నోటుబుక్కులో మానాల్సినవి ఏడు రాసుకున్నాను: పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం, తేనె, పట్టు. ఏడోదాన్ని ఒక వారం అలాగే ఉంచి, తరువాత కొట్టేశాను. ఆ పేజీ నాయన కంట పడింది. ఆయన దాన్ని మగ్గం గుంటలోంచే చదివాడు.

"పాలు దూడవంటివి, సరే. ఈ పట్టు ఎవురిదప్పా? పురుగును గూటిలోనే ఉడకబెట్టి లాగిందే గదా. నీ కాలేజీ ఫీజు ఆ పురుగే కట్టింది. దాన్నేమిటికి కొట్టేస్తివి?"

ఫీజు కట్టాలి కాబట్టి కొట్టేశాను, అంతే. నాయన ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాడు. కాసేపు ఎదురుచూసి, పేక పోగు అల్లే నాడె విసిరాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సగం జవాబే ఉంది. నేను పట్టు కట్టను, కొనను. కానీ నా ఎముకల్లో ఉన్నది పట్టు తెచ్చిన బువ్వే.

అమ్మ బాధ వేరు. "ఒగ గరిటె పెరుగేసుకుంటే ఏ దూడ ఏడుస్తాదిరా? మెడ ఎముకలు సూడు, కొక్కేల మాదిరి లేసినాయి" అనేది. అంటూనే నాకు వేరుగా చిన్న కుండలో వండేది. నా కూరలో వేరే గరిటె పెట్టమని చెప్పాను. నెయ్యి వాసన వస్తోందని పళ్ళెం ఎదురు గోడ పక్కకు మార్చుకున్నాను. అందరిదీ అయ్యాక నాది దించేది కాబట్టి నేను తినే వేళకు వరస లేచిపోయేది. గోడ వైపు తిరిగి కూర్చుంటే ముందు సున్నం పెచ్చులు కనిపించేవి. వాటిని లెక్కపెట్టేవాణ్ణి. ఉగాదికి అందరూ ఓళిగల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి పోసుకుంటుంటే నేను ఉత్త ఓళిగ తిని లేచాను. నేను ఎంచుకున్నదే, ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి లేదు. ఫిర్యాదు లేని ఒంటరితనం గోడలాంటిదే, దాంతో మాట్లాడలేం.

అత్తకు ఆరేడేళ్ళుగా షుగరు. మాత్రలు వేసుకునేది. ఒక ఆదివారం నేను డ్రాయింగు షీటు ముక్క మీద, స్కేలుతో గీతలు గీసి, అత్త కోసం జాబితా రాశాను. ఎడమ వైపు తినాల్సినవి: కొర్రలు, రాగులు, అలసందలు, ఉలవలు, ఆకుకూరలు, బుడ్డలు లెక్కగా. కుడి వైపు మానాల్సినవి: పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, చక్కెర. అత్తకు చదువు రాదు కాబట్టి ఒక్కొక్క దాని పక్కన బొమ్మ వేశాను. మాత్రలు మానవద్దని కింద రాశాను, అంతవరకు నాకు తెలివి ఉంది. గోడ మీద దేవుడి పటాల పక్కన ఖాళీ ఉంటే అక్కడ అంటించాను.

"ఇది పాటిస్తే షుగరు తగ్గుతుందత్తా" అన్నాను.

అత్త బొమ్మలన్నీ చూసింది. పెరుగు కుండ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదీనా?" అంది.

"అదే ముఖ్యం."

"ఎన్నాళ్ళప్పా?"

"ఎప్పటికీ."

"సరే" అంది. మరునాడు పొద్దున చూస్తే జాబితా నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. నేను నవ్వుకున్నాను. నా గీతల కాగితానికి బొట్టు పెట్టినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ మధ్యాహ్నం అత్త తన పళ్ళెం తీసుకుని వరసలోంచి లేచి, నా కుండ దించేదాకా ఆగి, నా పక్కన గోడ వైపు వచ్చి కూర్చుంది. రెండేళ్ళపాటు అక్కడే కూర్చుంది. ఆ రెండేళ్ళూ నా జీవితంలో నేను బాగా తిన్న కాలం. బుడ్డలు నానబెట్టి రుబ్బి, పలచటి గుడ్డలో వడకట్టి పాలు చేసేవాణ్ణి. పచ్చిమిరపకాయల తొడిమెలు వేసి తోడుపెడితే తెల్లారేసరికి పెరుగులాంటిది తయారయ్యేది. పులుపు ఉండేది, కొంచెం పచ్చి బుడ్డల వగరు ఉండేది. అత్త నోట్లో పెట్టుకుని, "పెరుక్కి పెద్దమ్మ కూతురు మాదిరుండాది" అనేది. బి12 అనేది మట్టిలో ఉంటుందని, ఆకుకూరలు మరీ కడిగితే పోతుందని ఆ వీడియోల్లో ఒకాయన చెప్పాడు. నోటుబుక్కులో రాసుకున్నాను, ఎక్కడా సరిచూసుకోలేదు. అత్తకు చెప్పాను. ఆమె తోటకూరను ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసేది. పళ్ళ కింద ఇసుక కరకరమనేది. "మన్ను తినమంటావేమప్పా? సచ్చినాక ఎట్లాగూ తినేదే గదా, ఇప్పట్నుంచే అలవాటా?" అని నవ్వుతూ నమిలేది.

షుగరు తగ్గింది. అది అబద్ధం కాదు. చక్కెర మానింది, అన్నం తగ్గించి కొర్రలు తిన్నది, తగ్గింది. నేను పట్టిక గీశాను. తేదీ, పరగడుపు, తిన్న తరువాత, బరువు. నాలుగు గళ్ళు. ప్రతి నెలా అంకెలు కిందికి దిగుతుంటే వాటిని గీతగా కలిపి నాయనకు చూపించేవాణ్ణి. నాయన చూసి, "బాగుండాది" అని నాడె విసిరేవాడు. వేళ్ళకు నేను గడి గీయలేదు.

మొదట ఎవరికీ తెలియలేదు. పనిలో వేళ్ళు తిమ్మిరెక్కడం నేతగాళ్ళ ఇళ్ళలో మామూలు, ఎవరూ దానికి డాక్టరు దగ్గరికి పోరు. అత్త చెయ్యి విదిలించుకుని బూడిద ఇంకొంచెం అద్దుకునేది. ఒకరోజు పొయ్యి మీది గిన్నెను ఉత్తచేత్తో దించింది. వేలి మీద బొబ్బ పొంగింది, ఆమెకు తెలియలేదు. అమ్మ చూసి అరిచింది. "షుగరుంటే అంతేలే" అనుకున్నారు. ఆ తరువాత కళ్ళు తెరిచి పోగులు అతకడం మొదలుపెట్టింది. అది నేను చూశాను. చూసి, వయసని అనుకున్నాను.

ఒక పెళ్ళి చీర పని కోసం మా మగ్గానికే కొత్త పడుగు ఎక్కించారు. అత్త రెండు రోజులు కూర్చుని అతికింది. నాయన పడుగును ముందుకు లాగాడు. పోగులు జారడం మొదలైంది. ఒకటి, మూడు, గుంపులుగా. పురి పడని కొసలు వర్షం లేని మబ్బులా వేలాడాయి. నాయన గుంటలోంచి పైకి వచ్చాడు. పగటిపూట ఆయన కాళ్ళు చూడడం నాకు అలవాటు లేదు. అత్త జారిన కొసల్ని ఒక్కొక్కటే పట్టుకుని చూస్తూ, "నేను తిప్పితినే. తిప్పితినే నేను" అంది. మరునాడు పక్కవీధి నుంచి ఇంకొకామెను పిలిచారు. ఆమె పని చేసినంతసేపూ అత్త వంటగదిలో ఉండిపోయింది. వారం తిరగకుండా ఆ సంగతి వీధులన్నీ తిరిగింది. తమలపాకులతో వాకిట్లోకి వచ్చేవాళ్ళు ఆగిపోయారు.

పెద్దాసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ అత్త కళ్ళు మూయించి, వేళ్ళ మీద దూదితో తాకింది, పుల్లతో గుచ్చింది. "ఇప్పుడు? ఇప్పుడు?" అని అడిగింది. అత్త పరీక్ష తప్పుతున్న పిల్లలా నా వైపు తల తిప్పింది. రక్తపరీక్ష వచ్చాక డాక్టరమ్మ ఏం తింటారని అడిగింది. నేను నా పట్టిక తీసి ఇచ్చాను. ఆమె మొత్తం చదివింది.

"షుగరు బాగా తగ్గించారు. కానీ నరాలకు బి12 కావాలి. అది మొక్కల్లో దొరకదు. పాలు మానడం తప్పని నేననను, చాలామంది మానేసి బాగున్నారు. మాత్ర వేసుకోకుండా మానడం తప్పు. ఈమె మాంసం, గుడ్డు ముందే మానేశారు. పాలే మిగిలాయి, అవీ తీసేశారు."

"అయితే ఇదంతా పాలు మానినందుకేనా?" అన్నాను.

"షుగరు కూడా నరాల్ని తింటుంది. ఏళ్ళ తరబడి షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళలో కొందరికి బి12 తగ్గుతుంది. దేని వాటా ఎంతో నేను చెప్పలేను."

నేను చదివిన చదువులో ప్రతి నష్టానికీ వాటా చెప్పవచ్చు. వైరులో ఇంత, కీలులో ఇంత, వేడిగా పోయింది ఇంత. ఆ రోజు మొదటిసారి పంచడానికి వీల్లేని నష్టాన్ని చూశాను. పంచలేనిది కాబట్టి మొత్తం నాకే వచ్చింది.

సూదులు వేశారు, మాత్రలు రాశారు, రోజూ పెరుగు తినమన్నారు. అత్త సూదులకు చెయ్యి చాపింది. పెరుగుకు మాత్రం తల అడ్డంగా ఊపింది.

"పట్టినాక చెల్లించకుండా ఇడస్తే తప్పప్పా."

"అత్తా, అది నోము కాదు. తిండి లిస్టు."

"నువ్వు రాసింది లిస్టే. నేను పట్టింది నోము. ఎప్పటికీ అంటివి గదా. ఇచ్చినోడే ఎత్తేయల్ల. ఊరికే ఎట్ల తినేది?"

అప్పుడు గానీ ఆ పసుపు నాకు అర్థం కాలేదు. షుగరు తగ్గడానికి తినేవాళ్ళు ఒక పండగ రోజు సడలిస్తారు, బంధువుల ఇంట్లో ఒక గుక్క మజ్జిగ తాగుతారు. మా అత్త రెండేళ్ళలో ఒక్క చుక్క తాగలేదు. నేను సలహా అనుకున్నదాన్ని ఆమె మొక్కుగా మోసింది.

సోమవారం నోము చెల్లించే ఉద్యాపన చేశాం. అత్త తలంటు పోసుకుంది. జాబితాను గోడ మీంచి చిరగకుండా తీసి పీట మీద పెట్టింది, టెంకాయ కొట్టింది. పెరుగన్నం నేనే కలపాలంది. రెండేళ్ళ తరువాత పెరుగులో చెయ్యి పెట్టాను. చల్లగా, జిగటగా ఉంది. నా కళ్ళ ముందు కుట్టు నాకే ఎనుము ఉంది, ఎదురుగా వేళ్ళు పోయిన మనిషి ఉంది. ముద్ద చేసి అత్త చేతిలో పెట్టి "చెల్లింది" అన్నాను. మూడు ముద్దలు, మూడుసార్లు. నాయన గుంటలోంచి చూస్తున్నాడు. అత్త నమిలి మింగింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

విస్తరిలో ఒక ముద్ద మిగిలింది. నోము ఇచ్చినవాడు ప్రసాదం తినాలి. అత్త నా వైపు చూసింది. "నాకు వద్దత్తా" అన్నాను. ఆమె ఆ ముద్ద కూడా తనే తిన్నది. మధ్యాహ్నం పళ్ళెం తీసుకుని నాయన పక్కన, వరసలో తన పాత చోట కూర్చుంది. నేను గోడ వైపు తిరిగాను.

ఆ మధ్య మొదలైన కాళ్ళ మంటలు తగ్గాయి, తడబడిన నడక కుదురుకుంది. వేళ్ళు మాత్రం సగమే తిరిగి వచ్చాయి. గిన్నె వేడి తెలుస్తుంది, పోగు తెలియదు. నేను ఆ వారం నుంచే బి12 మాత్ర మొదలుపెట్టాను. ఈ తిండి మీద వాదించేవాళ్ళు నాకు రెండు వైపులా దొరుకుతారు. పాలు మానితే మనిషి ఎండిపోతాడనేవాళ్ళకు నా రిపోర్టు చూపిస్తాను. పాలు మానితే ఏ మాత్రా అక్కరలేదనేవాళ్ళకు మా అత్త సంగతి చెబుతాను. రెండు వైపులవాళ్ళూ మొహం తిప్పుకుంటారు. ఇప్పుడు నా క్వార్టరులో ఒక గిన్నె, ఒక పళ్ళెం, ఒక గరిటె ఉన్నాయి. ఏ గరిటె ఎందులో పడిందని చూసుకోవాల్సిన పని లేదు. అప్పట్లో నేను కోరుకున్నది అచ్చంగా ఇదే.

పోయిన నెల ఇంటికి వెళ్ళాను. వీధిలో చాలా ఇళ్ళలో గుంటలు పూడ్చి మరమగ్గాలు పెట్టారు. మా నాయన ఒక్క మగ్గం ఇంకా నడుపుతున్నాడు. కొత్త పడుగు వచ్చి నాలుగు రోజులైంది, పోగులు అతికేవాళ్ళు దొరకడం లేదు. పిలిచిన ఆమె కూతురి కాన్పుకు కొత్తచెరువు ఊరికి పోయిందట.

"వీడుండాడు గదా" అంది అత్త.

"వీడా? గాలిమరలకు గ్రీజు పూసేటోడు, పోగులతుకుతాడా?" అన్నాడు నాయన.

"వాని వేళ్ళకు తగుల్తాది, నాకు పని తెల్సు. ఇద్దర్నీ కలిపితే ఒగ మనిషిలే."

పడుగు ముందు పక్కపక్కన కూర్చున్నాం. నేను బూడిద అద్దుకుని రెండు కొసలు చేర్చి పురి తిప్పాను. అత్త ఆ అతుకును కింది పెదవి మీద పెట్టుకుని మెల్లగా లాగింది. పెదవికి ఇంకా తెలుస్తుందట. "లూజు. మళ్ళీ" అంది. మళ్ళీ తిప్పాను. "ఊఁ." ఒక గంటలో నలభై అయ్యాయి. ఒకప్పుడు ఆమె నలభై అతికేలోపు నేను చెంబు నీళ్ళు తెచ్చేవాణ్ణి. నాయన బయటికి పోయాడు, అమ్మ వంటగదిలో ఉంది. ఆమె పెదవి మీద పోగు ఉండగా నేను చెప్పాను. ఆమె మొహం చూస్తూ అయితే చెప్పగలిగేవాణ్ణి కాదు.

"అత్తా, ఆ జాబితా నీ షుగరు కోసం రాయలేదు. షుగరు సంగతి వంక. ఒక్కణ్ణే గోడ పక్కన తినలేక రాశాను."

పోగు ఆమె పెదవి మీద ఆగింది. ఊపిరికి కొంచెం కదిలింది. ఆమె దాన్ని చివరి దాకా లాగి, అతుకు సరిగ్గా ఉందని చూసి, కింద పెట్టింది.

"మాట్లాడొద్దప్పా. నువ్వు మాట్లాడితే నాకు పోగు తెలీదు" అంది.

ఆమెకు ముందే తెలుసో, ఇప్పుడే తెలిసిందో, వినపడనే లేదో నేను అడగలేదు. తరువాతి రెండు కొసలు తీసుకున్నాను. ఇంకా నాలుగు వేలకు పైగా ఉన్నాయి.